మంచం పక్కన చిన్న టేకు బల్ల: మిషన్లు లేకుండా చేసే పద్ధతి

ప్రశ్న క్లుప్తంగా ఇది. పాత ఇల్లు విప్పినప్పుడు వచ్చిన టేకు గుమ్మం, తలుపు చెక్కలు ఉన్నాయి. చేతి రంపం, చిత్రిక, రెండు ఉలులు, కొయ్య సుత్తి, మూలమట్టం ఉన్నాయి. మంచం పక్కన నీళ్ల చెంబు, ఫోను, కళ్లజోడు పెట్టుకునేంత బల్ల కావాలి. ఇదివరకు చేసిన బల్ల పైపలక ఏప్రిల్‌లో నిలువునా చీలింది. ఎందుకు చీలింది, ఈసారి ఎలా బిగించాలి, సొరుగు పెట్టొచ్చా, పైన ప్లైవుడ్ వేస్తే నయమా?

చీలడం దగ్గరే మొదలుపెడదాం, మిగతా పనంతా దాని చుట్టూనే తిరుగుతుంది. కర్ర ఎండిపోయాక కూడా గాలిలో తేమను బట్టి ఉబ్బుతూ ముడుచుకుంటూ ఉంటుంది. పొడవు దిక్కున ఆ కదలిక లెక్కలోకి రాదు. అడ్డంగా మాత్రం బాగానే వస్తుంది. పచ్చి టేకు పూర్తిగా ఎండేసరికి వలయాల వెంబడి దాదాపు 6 శాతం, కాండం మధ్య నుంచి బెరడు వైపు దిక్కున రెండున్నర శాతం కుంచించుకుంటుంది. కర్రల్లో టేకు నెమ్మదైనదే. అయినా కర్రలో తేమ 9 శాతం నుంచి 13 శాతానికి పెరిగిందంటే, 15 అంగుళాల వెడల్పు పలక దాదాపు ఒక నూలు పెరుగుతుంది. నూలు అంటే అంగుళంలో 8వ వంతు; కింద కొలతలన్నీ ఆ లెక్కలోనే చెబుతాను. వానాకాలంలో చేసిన పలకను నాలుగు వైపులా స్క్రూలతో, ఫెవికాల్‌తో కదలకుండా బిగిస్తే వేసవిలో అది ముడుచుకోవాలని చూస్తుంది, కింది చట్రం వదలదు. ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ నెర్రె విచ్చుతుంది. తప్పు కర్రది కాదు, బిగింపుది.

కాబట్టి ఈసారి ఎలా బిగించాలన్న ప్రశ్నకు జవాబు: నేరుగా స్క్రూలు వద్దు. పలకను పట్టి ఉంచుతూనే అటూ ఇటూ జరగనిచ్చే చెక్క బిళ్లలు కావాలి. అవెలా చేయాలో దాని వంతు వచ్చినప్పుడు చూద్దాం.

ముందు కర్ర సంగతి. పాత టేకు చాలా మంచి సరుకు, కానీ అందులో దాక్కున్న మేకులు మీ ఉలిని, చిత్రికను ఒక్క దెబ్బతో పాడు చేస్తాయి. స్పీకరులోంచి తీసిన అయస్కాంతంతో ప్రతి ముక్కనూ రెండు వైపులా తడమండి. రంగు వేసిన తలుపైతే ఇంకో జాగ్రత్త ఉంది. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎంకి (పది లక్షల వంతుల్లో 90 వంతులకు) మించకూడదన్న నియమం మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన ఎనామిల్ రంగులో సీసం ఉండొచ్చు. దాన్ని పొడిగా ఎమరీ కాగితంతో రుద్దకండి, ఆ దుమ్ము పిల్లలున్న ఇంట్లో అసలు లేపకూడదు. రంగు తీసే ద్రావణం రాసి, మెత్తబడ్డాక గీకి, ఆ పొట్టును కాగితంలో చుట్టి పారేయండి.

తలుపు పట్టీలు మామూలుగా అంగుళంబావు మందం ఉంటాయి. వాటిలోంచి పైపలక, పట్టీలు వస్తాయి గానీ కాళ్లు రావు. కాళ్లకు గుమ్మం కర్ర వాడండి. 4 అంగుళాలకు 3 అంగుళాల కొలత ఉన్న గుమ్మం ముక్క 4 అడుగుల పొడవుంటే నాలుగు కాళ్లూ వచ్చేస్తాయి, పైగా దాదాపు అంగుళం మందం చెక్క మిగులుతుంది. 3 అంగుళాల మందాన్ని చేతి రంపంతో నిలువునా కోయడం బాగా చేయి తిరిగినవాళ్లకే విసుగు. ఆ ఒక్క పనికి కోత మిల్లుకు తీసుకెళ్లండి. మేకులు లేవని చూపిస్తేనే వాళ్లు రంపం మీదికి ఎక్కనిస్తారు. కోయించాక ముక్కల్ని వెంటనే చిత్రిక పట్టకండి. ఏళ్ల తరబడి లోపల బిగుసుకుని ఉన్న కర్ర కోతతో కాస్త వంగుతుంది. వారం రోజులు అలా వదిలేస్తే ఎంత వంగాలో అంత వంగి ఆగుతుంది.

కొత్త కర్ర కొనాలంటే అడితిలో 'చేవ ఉన్నది' అని ప్రత్యేకంగా అడగండి. చేవ అంటే కాండం లోపలి ముదురు భాగం. టేకుకు చెదలు పట్టదన్న మాట చేవకే వర్తిస్తుంది. అంచున పాలిపోయిన తెల్ల భాగానికి ఆ గుణం లేదు, పురుగు హాయిగా తింటుంది. కాళ్ల అడుగున ఆ తెల్ల భాగం రాకుండా చూసుకోండి. ఆదిలాబాద్ టేకా, బల్లార్షా టేకా, ఆఫ్రికా నుంచి వచ్చిందా అన్న చర్చ ఇంత చిన్న బల్లకు అనవసరం. చారలు నిటారుగా ఉన్నాయా, బాగా ఎండిందా అన్నవే చూడాలి.

ఎండిందో లేదో తెలుసుకోవడానికి మీటరు అక్కర్లేదు. చిన్న ముక్కను వంటింటి తూకం మీద పెట్టి బరువు రాసుకోండి. బల్ల ఉండబోయే గదిలోనే ఉంచి వారం తర్వాత మళ్లీ తూచండి. బరువు తగ్గుతూనే ఉంటే ఇంకా ఎండాలి. రెండు వారాలు వరసగా ఒకే బరువు చూపిస్తే మొదలుపెట్టొచ్చు. ఈ లోపు చెక్కలన్నిటినీ ఒకదానిమీద ఒకటి నేరుగా పేర్చకుండా మధ్యలో పుల్లలు పెట్టి, గాలి ఆడేలా ఉంచండి. ఎండలో మాత్రం పెట్టొద్దు. ఎండ తగిలిన వైపు త్వరగా ఆరి పలక డొప్ప తిరుగుతుంది.

ఇక కొలతలు. పరుపుతో కలిపి మంచం ఎత్తు కొలిచి, బల్ల ఎత్తు దానికి సమానంగా గానీ ఒక అంగుళం ఎక్కువగా గానీ పెట్టుకోండి. తక్కువైతే పడుకుని చెయ్యి చాపినప్పుడు చెంబు తన్నేస్తారు. కింద లెక్క 22 అంగుళాల ఎత్తుకు. మీ మంచం వేరైతే కాళ్ల పొడవొక్కటే మార్చండి, మిగతావి అలాగే ఉంచండి. అన్నీ చిత్రిక పట్టాక ఉండాల్సిన కొలతలు.

కాళ్లు 4: ఒకటిన్నర అంగుళాల చదరం, పొడవు 21 అంగుళాల 2 నూళ్లు.
పొడవు పట్టీలు 2: వెడల్పు 4, మందం ముప్పావు, పొడవు 14న్నర అంగుళాలు.
పొట్టి పట్టీలు 2: అదే వెడల్పు, మందం, పొడవు 11న్నర.
కింది పట్టీలు 2: వెడల్పు ఒకటిన్నర, మందం ముప్పావు, పొడవు 11న్నర.
కింది అరకు రీపర్లు (పలచటి చెక్క బద్దలు) 4: వెడల్పు 2 అంగుళాల 2 నూళ్లు, మందం అర అంగుళం, పొడవు 15 అంగుళాల 6 నూళ్లు.
పైపలక: 18 పొడవు, 15 వెడల్పు, ముప్పావు మందం. ఐదుంబావు వెడల్పు చెక్కలు 3 గానీ, 4 అంగుళాలవి 4 గానీ అతికితే సరిపోతుంది.
బిళ్లలు 6: వీటికి మిగిలిన ముక్కలు చాలు.

చిత్రికకు పోయేది కలిపి లెక్కేస్తే దాదాపు 0.7 ఘనపుటడుగులు. ముడులు, పగుళ్లు, తప్పు కోతలు కలుపుకుంటే 0.9. అంటే అడితిలో ఒక సీఎఫ్‌టీ (ఘనపుటడుగు) తీసుకుంటే చాలు. బల్ల పూర్తయ్యాక దాదాపు 7 కిలోలు తూగుతుంది.

చిత్రిక పట్టడంలో అందరూ తొందరపడేది ఒకటుంది: నాలుగు వైపులా నున్నగా చేసేసి తర్వాత మూలమట్టం పెట్టి చూస్తారు. వరస మారాలి. ముందు ఒక ముఖం చదును చేయండి. చదునో కాదో తెలియడానికి ముక్క రెండు చివర్లా రెండు తిన్నని పుల్లలు అడ్డంగా పెట్టి, కన్ను వాటి ఎత్తుకు దించి చూడండి. ఒక పుల్ల అంచు రెండోదానికి సమాంతరంగా లేకపోతే కర్ర మెలి తిరిగినట్టు. ఎత్తుగా ఉన్న రెండు ఎదురు మూలలనే తీయండి. ముఖం కుదిరాక దానికి మూలమట్టం ఆనించి ఒక అంచు తీయండి. ఈ రెంటి మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. ఇక మీద గీసే ప్రతి గీతా ఈ గుర్తున్న వైపుల నుంచే గీయాలి. మిగతా రెండు వైపులూ ఒక వెంట్రుక తేడా ఉన్నా అప్పుడు అతుకు చెడదు.

టేకులో సిలికా ఉంటుంది, ఇసుకలాగే పదును తినేస్తుంది. వేప మీద రోజంతా నడిచే ఉలి టేకు మీద గంటకే మొద్దుబారితే ఉలి చెడ్డదనుకోకండి. సానరాయి పక్కనే పెట్టుకుని, రెండు బెజ్జాలకు ఒకసారి నాలుగు పట్లు పట్టండి. పదును సరిపోయిందో లేదో చూడాలంటే టేకు ముక్క కోసిన చివరను ఉలితో అడ్డంగా చెక్కండి. ఆ చోటు మెరిస్తే పదును ఉన్నట్టు, పొడిపొడిగా రాలి తెల్లబడితే లేనట్టు.

కాలికీ పట్టీకీ అతుకు కుసి, బెజ్జం పద్ధతిలో. పట్టీ చివర నాలుకలా సన్నగా మిగిల్చేది కుసి, కాలిలో అది దూరే గుంట బెజ్జం. స్క్రూలు, ఎల్ క్లాంపులు ఇక్కడ పనికిరావా అంటే, పనికొస్తాయి, ఏడాది రెండేళ్లు. బల్లను నేలమీద ఈడ్చిన ప్రతిసారీ స్క్రూ చుట్టూ కర్ర నలిగి రంధ్రం పెద్దదవుతుంది. కుసి అయితే ఆ బరువును తన వెడల్పంతా పంచుకుంటుంది.

బెజ్జం వెడల్పు 2 నూళ్లు, అంటే మీ పావంగుళం ఉలి ఎంత ఉంటే అంత. ఉలిని బట్టి బెజ్జం, బెజ్జాన్ని బట్టి కుసి. తిరగేసి చేస్తే ఎప్పటికీ కుదరదు. కాలి బయటి ముఖం నుంచి 3 నూళ్ల దగ్గర ఒక గీత, 5 నూళ్ల దగ్గర ఇంకో గీత. పట్టీ బయటి ముఖం నుంచి 2, 4 నూళ్ల దగ్గర గీతలు. ఇలా చేస్తే పట్టీ కాలికన్నా ఒక నూలు లోపలికి ఉంటుంది. కావాలనే అలా పెట్టింది. రెండూ ఒకే మట్టానికి రావాలని చూస్తే అర వెంట్రుక తేడా కూడా కంటికి కొడుతుంది. నూలు లోపలికి ఉంటే అది ఒక నీడ గీతలా అందంగా కనిపిస్తుంది, తప్పూ కప్పుకుంటుంది.

గీతలు గీసే గేజ్ మీ పనిముట్లలో లేదు కదా. రెండంగుళాల చెక్క ముక్క తీసుకుని అంచు దగ్గర ఒక స్క్రూ దింపండి. స్క్రూ తల ముక్క పైకి సరిగ్గా 3 నూళ్లు లేచి ఉండాలి. ముక్కను కాలి ముఖానికి ఆనించి లాగితే తల అంచు సన్నటి గీత గీస్తుంది. స్క్రూ తిప్పితే కొలత మారుతుంది. పెన్సిల్ గీతకన్నా ఈ గీత మేలు, ఉలి అంచు అందులో కూర్చుంటుంది. చారల వెంబడి గీసే గీతలకే ఇది. అడ్డంగా గీయాల్సినవి మూలమట్టం పెట్టి పదునైన చాకుతో గీయండి.

నాలుగు కాళ్లనూ పక్కపక్కన పేర్చి, అడుగు చివరలు సమానం చేసి, బెజ్జాల పై గీత, కింది గీత ఒకేసారి నాలుగింటి మీదా గీసేయండి. విడివిడిగా టేపుతో కొలిచి గీస్తే ఏదో ఒకటి తప్పకుండా తప్పుతుంది. కాళ్లను తుది కొలతకన్నా పైన ముప్పావు అంగుళం పొడవుగా వదలండి. బెజ్జం కాలి పై చివరకు దగ్గరగా ఉంటుంది కాబట్టి సుత్తి దెబ్బలకు చివర చీలకుండా ఆ అదనపు కొమ్ము కాపాడుతుంది. అతికి ఆరాక కోసేయొచ్చు. బెజ్జం కాలి అసలు పై గీత నుంచి 4 నూళ్లు కిందికి మొదలై 3 అంగుళాల 2 నూళ్ల పొడవు ఉంటుంది. లోతు 6న్నర నూళ్లు. కుసి పొడవు 6 నూళ్లు మాత్రమే. ఆ అర నూలు అడుగున ఎక్కువైన జిగురు చేరడానికి. లోతు 7 నూళ్లు దాటిస్తే పక్క ముఖం నుంచి వచ్చే బెజ్జం మూలలో దీనికి తగిలి, కాలు లోపల డొల్ల అవుతుంది. కింది పట్టీ బెజ్జం పొట్టి పట్టీ దూరే ముఖాల మీద మాత్రమే: పట్టీ అడుగు నేలకు 5 అంగుళాల ఎత్తులో, బెజ్జం పొడవు ఒక అంగుళం, పైనా కిందా 2 నూళ్ల చొప్పున వదిలి.

బెజ్జం కొట్టడం కాస్త దగ్గరగా చూద్దాం. కాలిని బల్ల మీద తొడకిందో, క్లాంపుతోనో కదలకుండా అదిమి పెట్టండి. ఉలిని చివరి గీత మీద కాకుండా ఒక నూలు లోపల పెట్టండి. ఉలి రెండు గీతలకూ సరిగ్గా మధ్యలో, నిటారుగా ఉండాలి. పక్కనుంచి కాదు, కాలి చివర వైపు నుంచి చూస్తేనే అది ఒరిగిందో లేదో తెలుస్తుంది. సుత్తితో రెండు దెబ్బలు. ఉలి పీకి రెండు నూళ్లు వెనక్కి జరిపి మళ్లీ రెండు దెబ్బలు. ప్రతి దెబ్బకీ మధ్యలో పెచ్చు విరిగి ముందుకు ఒరుగుతుంది. అలా ఆ చివరిదాకా వెళ్లి, ఉలిని తిప్పి వెనక్కి రండి. ఉలితో పెచ్చులు పైకి తోడేటప్పుడు చివరి గీత అంచు మీద ఆనించి మీటకండి, అంచు నలుగుతుంది. అందుకే ఆ నూలు వదలమన్నది. లోతు అందాక చివర్లో ఆ నూలు నిటారుగా కోసేస్తే అంచు కత్తిరించినట్టు వస్తుంది. చేతి బరమా ఉంటే ముందు రంధ్రాలు వేసుకుని మధ్యలోది ఉలితో తీయొచ్చు. బరమా పుల్లకు 6న్నర నూళ్ల దగ్గర టేపు చుట్టండి, లేకపోతే అవతలికి పొడుచుకొస్తుంది.

కుసి కోయడంలో ఒకే సూత్రం: రంపం గీత మీద నడవకూడదు, పారేసే వైపు గీతను ఆనుకుని నడవాలి. రంపం మందం కూడా కర్రే తింటుంది కదా. భుజం (కుసి మొదలయ్యే చోట ఉండే మెట్టు) గీతను చాకుతో లోతుగా గీసి, పారేసే వైపు ఉలితో చిన్న గాడి తీయండి. రంపం ఆ గాడిలో పడి జారదు, భుజం పెచ్చులేవదు. భుజాల మధ్య దూరమే బల్ల కొలత: పొడవు పట్టీకి సరిగ్గా 13 అంగుళాలు, పొట్టి దానికి 10. రెండు జంట పట్టీల భుజాల మధ్య దూరం సమానంగా ఉంటే చాలు. 13కు బదులు 12 అంగుళాల 7 నూళ్లు వచ్చినా బల్లకు నష్టం లేదు. ఒకటి 13, రెండోది 12 అంగుళాల 7 నూళ్లు వస్తే బల్ల ఎప్పటికీ వంకరే.

కుసి చేత్తో నెడితే సగం దూరి, కొయ్య సుత్తి చిన్న దెబ్బలకు మిగతాది దిగాలి. పట్టీ పట్టుకుని ఎత్తితే కాలు ఊడి పడకూడదు. గట్టిగా కొట్టాల్సి వస్తే ఆగండి, కాలు చీలేది అక్కడే. కుసి ముఖం మీద మెరుస్తున్న మచ్చలు ఎక్కడున్నాయో చూసి, ఆ మచ్చనే ఉలితో పలచగా తీయండి. వదులైతే? చాలామంది ఫెవికాల్‌లో రంపపు పొట్టు కలిపి కూరుతారు. దాంట్లో బలం లేదు, ఎండాక పెళుసుగా విరుగుతుంది. చిత్రిక పొట్టులోంచి తగిన మందం చుట్ట ఒకటి తీసి, చారలు ఒకే దిక్కున ఉండేలా కుసి ముఖానికి అతికి, ఆరాక మళ్లీ సరిచేయండి. కర్రకు కర్రే అతుకు.

పైపలకకు వేసే చెక్కల అంచులు కలిపేటప్పుడు పక్కపక్కనుండే రెండిటినీ పుస్తకం మూసినట్టు ముఖాలు ఎదురెదురుగా కలిపి నిలబెట్టి, రెండు అంచుల్నీ ఒకేసారి చిత్రిక పట్టండి. చిత్రిక కాస్త ఒరిగినా ఒకదానిలో వచ్చిన వాలుకు రెండోదాని వాలు విరుగుడవుతుంది. విప్పి నిలబెట్టి వెలుతురుకు ఎదురుగా చూడండి. మధ్యలో సన్నగా వెలుగు కనిపిస్తే ఒప్పుకోవచ్చు, చివర్లలో మాత్రం అసలు కనిపించకూడదు. పలక తేమ కోల్పోయేది మొదట చివర్ల నుంచే, అతుకు విచ్చేదీ అక్కడి నుంచే.

టేకులో నూనె ఉంటుంది, జిగురును సరిగ్గా పట్టనివ్వదు. చిత్రిక పట్టిన రోజే అతకండి. రెండు రోజులు ఆగితే నూనె మళ్లీ పైకి వస్తుంది. ఆలస్యమైతే శుభ్రమైన గుడ్డకు అసిటోన్ గానీ స్పిరిట్ గానీ అద్ది అంచులు తుడిచి, ఆరగానే అతకండి. ఫెవికాల్ ఎస్‌హెచ్ చాలు. చెమ్మ తగిలే చోటైతే మెరైన్ రకం తీసుకోండి. రెండు అంచులకూ పలచగా రాయాలి. క్లాంపులు లేకపోతే ఒక పాత ప్లైవుడ్ ముక్క మీద పాలిథిన్ పరచి, పలక వెడల్పుకన్నా అంగుళం ఎడంగా రెండు రీపర్లు మేకులతో కొట్టండి. మధ్యలో చెక్కలు పెట్టి, మిగిలిన సందులో ఎదురెదురుగా రెండు చీలికలు దూర్చి సుత్తితో తట్టండి. బిగుసుకునే కొద్దీ చెక్కలు మధ్యలో పైకి లేవాలని చూస్తాయి. రుబ్బురోలు పొత్రం ఉంటే దాని కింద మందపాటి కాగితం వేసి మీద పెట్టండి, దానికన్నా మంచి బరువు దొరకదు. అతుకు పొడవునా చిన్న చుక్కల్లా జిగురు బయటికి వస్తే సరిపోయినట్టు. కారితే ఎక్కువైంది, రాకపోతే తక్కువైంది. రాత్రంతా కదిలించకండి.

చట్రం రెండు విడతల్లో అతకండి. ముందు జిగురు లేకుండా మొత్తం కూర్చి చూడాలి. ఆపైన రెండు కాళ్లు, ఒక పొట్టి పట్టీ, ఒక కింది పట్టీ కలిపి ఒక పక్క. అలాగే రెండో పక్క. అవి ఆరాక పొడవు పట్టీలతో రెంటినీ కలపండి. ఒకేసారి పన్నెండు కుసులకు జిగురు రాసుకుంటూ పోతే, వేసవిలో మొదటి దాని మీద పొర కట్టేసి ఉంటుంది. కాళ్ల చుట్టూ తాడు రెండు వరసలు చుట్టి, మధ్యలో పుల్ల పెట్టి మెలిపెడితే మంచి బిగింపు. తాడు కింద కాగితం మడతలు పెట్టండి, లేకపోతే కాళ్ల మూలల్లో గుంటలు పడతాయి. బిగించిన వెంటనే మూల నుంచి మూలకు రెండు వైపులా పుల్లతో కొలవండి. రెండు కొలతలూ ఒకటే కాకపోతే పొడవెక్కువున్న మూలల్ని దగ్గరికి నొక్కండి. జిగురు ఆరాక ఇది చేయడం సాధ్యం కాదు. కారిన జిగురును తడిగుడ్డతో పులమకండి. అరగంట ఆగి ముద్దలా అయ్యాక ఉలితో లేపితే శుభ్రంగా వస్తుంది. పులిమిన చోట పాలిష్ పట్టదు, పాలిపోయిన మచ్చ జన్మంతా కనిపిస్తుంది.

పైకొమ్ములు కోశాక చట్రాన్ని వంటింటి గ్రానైట్ గట్టు మీద నిలబెట్టండి. ఊగితే పొట్టి కాలి కింద కాగితం మడతలు పెట్టి ఊగకుండా చేసి, పట్టీల పై అంచు గట్టుకు సమాంతరంగా ఉందో కొలిచి చూడండి. గట్టు మీద ఒక చెక్క బిళ్ల, దాని మీద పెన్సిల్ పడుకోబెట్టి నాలుగు కాళ్ల చుట్టూ గీత గీసి, గీత దగ్గర కోయండి. ఊగిన కాలినొక్కదాన్నే తరుగుతూ పోతే బల్ల పీటగా మారుతుంది. అడుగు అంచులు నాలుగు వైపులా కాస్త మొండి చేయండి, ఈడ్చినప్పుడు పెచ్చు లేవదు.

రీపర్లు కింది పట్టీల మీద కూర్చుంటాయి. కాళ్ల మధ్య 10 అంగుళాల్లో నాలుగు రీపర్లకు 9 పోతుంది. మిగిలిన అంగుళం ఐదు సందులకు పంచితే ఒక్కోటి ఒకటిన్నర నూలు. అంగుళం ఇత్తడి స్క్రూ చివరకొకటి చాలు, ముందు రంధ్రం వేసుకునే దింపండి. రెండేసి వేస్తే రీపరు కూడా పైపలకలాగే ముడుచుకోలేక చీలుతుంది. టేకులో ఇత్తడి స్క్రూ నేరుగా దింపితే తల తెగి చేతికొస్తుంది. ముందు అదే కొలత ఇనుప స్క్రూ దింపి తీసి, ఆ దారిలో ఇత్తడిది దింపాలి.

ఇప్పుడు బిళ్లలు. పట్టీల లోపలి ముఖం మీద, పై అంచుకు 4 నూళ్లు కింద, 3 నూళ్ల ఎత్తు, 3 నూళ్ల లోతు, 2 అంగుళాల పొడవు గాడులు తీయాలి. పొడవు పట్టీలకు రెండేసి, పొట్టి పట్టీలకు మధ్యలో ఒక్కొక్కటి. చట్రం అతకక ముందే తీసుకుంటే సుఖం. బిళ్ల ముప్పావు మందం, ఒకటింబావు వెడల్పు. ఒక చివర పై నుంచి 3న్నర నూళ్లు కోసి తీసేస్తే కింద 2న్నర నూళ్ల మందం నాలుక మిగులుతుంది. నాలుక పొడవు 3 నూళ్లు. గాడి 4 నూళ్ల కిందుంటే బిళ్ల మెట్టు 3న్నరే ఎందుకంటే, ఆ అర నూలు తేడా వల్లే స్క్రూ బిగించినప్పుడు పలక కిందికి లాగబడి చట్రాన్ని హత్తుకుంటుంది. నాలుక పొడవు దిక్కునే చారలు వెళ్లాలి. చారలు అడ్డంగా ఉన్న నాలుక మొదటి బిగింపుకే బిస్కెట్టులా విరుగుతుంది. స్క్రూ ఒకటింబావు అంగుళం. అది పలకలోకి దాదాపు 3న్నర నూళ్లు దిగుతుంది. ఒకటిన్నర అంగుళాల స్క్రూ వేస్తే పలక పైకి మొన తేలే ప్రమాదం ఉంది.

పలక చారలు 18 అంగుళాల దిక్కున ఉంటాయి కాబట్టి కదలికంతా ముందుకూ వెనక్కూ. పొడవు పట్టీల దగ్గర బిళ్ల భుజానికీ పట్టీకీ మధ్య ఒక నూలు ఖాళీ వదలండి. పొట్టి పట్టీల్లో గాడి బిళ్లకన్నా పొడవుగా ఉంది కాబట్టి బిళ్ల అందులోనే పక్కకు జారుతుంది. పలకకూ చట్రానికీ మధ్య ఎక్కడా ఫెవికాల్ వద్దు, ఒక్క చుక్క కూడా.

ప్లైవుడ్ పైపలక వేస్తే ఈ బిళ్లల గొడవే లేదు, అది దాదాపు కదలదు, నేరుగా స్క్రూలు వేయొచ్చు. ఐఎస్ 303 ముద్ర ఉన్న 19 ఎంఎం మామూలు గదికి చాలు. బాత్రూమ్ పక్కన చెమ్మ గోడ ఉంటే ఐఎస్ 710. అంచుకు టేకు పట్టీ అతకాలి, లేకపోతే పొరలు కనిపిస్తాయి. అయితే చేతిలో టేకు ఉంచుకుని ప్లై వేయడం నాకైతే మనసొప్పదు. అమెరికాలో ఉండి ఇదే చేయాలనుకునేవాళ్లకు టేకు ధర అందదు, పాప్లర్ గానీ రెడ్ ఓక్ గానీ బాగా సరిపోతాయి. అక్కడ 'వన్ బై ఫోర్' అని అమ్మేది నిజానికి ముప్పావుకు మూడున్నర అంగుళాలు, పట్టీ వెడల్పు దానికి తగ్గట్టు మార్చుకోవాలి. చలికాలంలో హీటర్ వేసిన గదిలో గాలి మన వేసవికన్నా పొడిగా ఉండగలదు, కాబట్టి బిళ్లలు అక్కడ ఇంకా అవసరం.

సొరుగు మొదటి బల్లకు వద్దనే అంటాను. ముందు పట్టీ స్థానంలో పైనొకటి కిందొకటి సన్న పట్టీలు, లోపల నడిపించే పట్టాలు, మళ్లీ ఐదు ముక్కల పెట్టె, పని రెట్టింపవుతుంది. చట్రం ఒక నూలు వంకరున్నా బల్ల నిలబడుతుంది, సొరుగు మాత్రం ఇరుక్కుంటుంది.

పాలిష్‌కు ముందు 120, 180, 220 నంబరు ఎమరీ కాగితాలు వరసగా, చారల వెంబడే. మధ్యలో ఒక నంబరు దాటేస్తే మొదటి దాని గీతలు పాలిష్ కింద వెలిగిపోతాయి. లక్క పాలిష్ చేతికి లొంగుతుంది: పావు లీటరు స్పిరిట్‌లో 50 గ్రాముల లక్క రేకులు రాత్రంతా నానబెట్టి పలచటి గుడ్డతో వడకట్టండి. నూలు గుడ్డలో దూది ఉండ చుట్టి, తడిపి, పలచగా పూతలు వేయాలి. పూతకూ పూతకూ మధ్య గంట, రెండు పూతలకోసారి 320 కాగితంతో తేలిగ్గా. ముసురు పట్టిన రోజు వేస్తే పూతలో తేమ చిక్కి తెల్లటి మబ్బు కమ్ముతుంది. లక్కకు రెండు శత్రువులు, వేడి గ్లాసు, శానిటైజర్. చెంబు పెట్టే బల్ల కాబట్టి కాళ్లకూ పట్టీలకూ లక్క, పైపలకకు మాత్రం రెండు పూతల లక్క మీద మూడు పూతల పీయూ (పాలీయూరిథేన్ వార్నిష్) వేయడం తెలివైన పని. లక్కలో మైనం ఉంటే పీయూ దానికి పట్టదు, మైనం తీసిన రేకులు అడిగి కొనండి. అవిసె నూనె వాడదలిస్తే తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేయకండి. నూనె ఆరేటప్పుడు వేడి పుట్టి వాటంతటవే అంటుకుంటాయి. విప్పి ఆరుబయట తీగ మీద వేయండి.

పలక అడుగు ముఖానికి కూడా పైముఖానికి వేసినన్ని పూతలు వేయాలి. కింద ఎవరు చూస్తారని వదిలేస్తే ఆ వైపు తేమ త్వరగా పీల్చుకుని పలక డొప్పలా లేస్తుంది.

వేసవిలో చేసిన బల్లైతే మొదటి వానాకాలంలో, జూలై చివర్లో, ఒకసారి బోర్లించి పొడవు పట్టీల దగ్గర బిళ్లల భుజాలు చూడండి. వదిలిన నూలు ఖాళీ సగానికి దిగి ఉంటే అంతా అనుకున్నట్టే నడుస్తోంది. పూర్తిగా మూసుకుపోయి పట్టీని తంతుంటే ఆ స్క్రూ విప్పి, బిళ్ల భుజాన్ని అర నూలు చెక్కి, అదే రంధ్రంలో తిరిగి బిగించండి.